ఇంటిబడికి ఒక గడప: విజయవాడలో ఒక కుటుంబం, నాలుగు ఆరంభాల కేస్ స్టడీ

బడి మాన్పించి పిల్లలను ఇంట్లోనే చదివించుకుంటున్న తల్లిదండ్రులకు చదువు ప్రణాళిక విషయంలోనూ, పిల్లల ప్రవర్తన విషయంలోనూ సలహాలు ఇవ్వడం నా వృత్తి. విజయవాడలో నా దగ్గరకు వచ్చే కుటుంబాలు ముందుగా అడిగేది పుస్తకాల గురించి, తర్వాత పరీక్షల గురించి, ఆ తర్వాత బంధువులకు ఏం సమాధానం చెప్పాలన్న దాని గురించి. కొత్త విద్యా సంవత్సరాన్ని ఇంట్లో ఎలా మొదలుపెట్టాలని అడిగినవారు చాలా తక్కువ. నేను కూడా చాలాకాలం దాన్ని ముఖ్యమైన విషయంగా చూడలేదు. నా అభిప్రాయం మారడానికి కారణమైన కుటుంబం గురించి, వారి అనుమతితో, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చి ఇక్కడ రాస్తున్నాను.

కుటుంబ నేపథ్యం

ఇల్లు సింగ్ నగర్‌లో, కింది అంతస్తు. తండ్రికి ఆటోనగర్‌లో లారీల విడిభాగాల దుకాణం ఉంది. తల్లి గణితంలో ఎమ్మెస్సీ చేసి, కొన్నేళ్లు ఒక పాఠశాలలో లెక్కలు చెప్పారు. తెనాలి దగ్గర పల్లెలో ఉన్న ఎకరంన్నర పొలాన్ని కౌలుకు ఇచ్చి, నాయనమ్మ, తాతయ్య వీరి దగ్గరకే వచ్చి ఉంటున్నారు. 2023 వేసవిలో వీరు నన్ను కలిసేనాటికి పాపకు తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి పూర్తయింది. బాబుకు ఆరేళ్లు, యూకేజీ అయిపోయింది.

పాప చదువులో వెనకబడిన పిల్ల కాదు. అయితే ఉదయం ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం స్టడీ అవర్ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి చీకటి పడేది. ప్రతి ఆదివారం రాత్రీ కడుపునొప్పి వచ్చేది. వైద్యులు పరీక్షలు చేయించి శరీరంలో ఏ లోపమూ లేదన్నారు. వేసవి సెలవులు మొదలైన వారానికే ఆ నొప్పి పూర్తిగా పోవడంతో తల్లిదండ్రులు ఆలోచనలో పడి, చివరకు టీసీ తీసుకున్నారు. ఆ బడి పేరు ఇక్కడ అవసరం లేదు, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశమూ కాదు.

ఈ నిర్ణయాన్ని ఇంట్లో గట్టిగా వ్యతిరేకించింది నాయనమ్మ. తాను మూడో తరగతితో చదువు ఆపేయాల్సి వచ్చిన మనిషి కావడం వల్ల బడి అన్న మాట మీద ఆమెకు ఉన్న గౌరవం చాలా లోతైనది. "బడికి పోని పిల్లలంటే మా రోజుల్లో గేదెలు కాసేవాళ్లమ్మా" అని మొదటి రోజే నాతో కంటతడి పెట్టుకుని చెప్పారు. ఆ బాధను మొండితనంగా తీసేయకూడదని నేను నోట్సులో రాసుకున్నాను.

చట్టం సంగతి కూడా ఆ మొదటి సమావేశాల్లోనే మాట్లాడుకున్నాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య గురించి చెబుతుంది, పిల్లలను పాఠశాలలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది, ఇంటి చదువును విడిగా ప్రస్తావించదు. పిల్లలు ఎప్పుడైనా తిరిగి బడికి వెళ్లదలిస్తే అదే చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేరవచ్చు. 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా పద్నాలుగేళ్లు నిండాక పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఈ వివరాలన్నీ తెలుసుకునే ఈ తల్లిదండ్రులు తమ నిర్ణయం తీసుకున్నారు.

2023 జూన్: మొదటి ఆరంభం

మన రాష్ట్రంలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. ఆ ఏడాది అది సోమవారం. తల్లి ఆ రోజు కోసం పది రోజుల ముందు నుంచే సిద్ధమయ్యారు. అమెరికాలో ఇంటి చదువు చదివించే కుటుంబాలు కొత్త సంవత్సరం మొదటిరోజును ఎలా జరుపుకుంటాయో ఆవిడ చాలా చదివారు. తరగతి రాసిన పలకతో పిల్లలకు ఫోటో తీయడం, ఇష్టమైన ఫలహారం చేయడం, "పెద్దయ్యాక ఏమవుతావు, నీకు ఇష్టమైన రంగు ఏది" వంటి ప్రశ్నల కాగితం నింపించడం వారి అలవాట్లు. ఒకటో తరగతిలో చేరే పిల్లల చేతిలో పెద్ద కాగితపు పొట్లం నిండా మిఠాయిలు, పెన్సిళ్లు పెట్టి ఇవ్వడం జర్మనీలో పందొమ్మిదో శతాబ్దం నుంచి వస్తున్న ఆచారమని తెలుసుకుని, బాబు కోసం రంగు కాగితంతో అలాంటి పొట్లం కూడా తయారుచేశారు. జర్మనీలో పిల్లలు బడికి వెళ్లడం తప్పనిసరి, ఇంటి చదువుకు సాధారణంగా అనుమతి ఉండదు. బడి గుమ్మం ముందు ఇచ్చే ఆ కానుక బడికి వెళ్లని బాబు చేతికి రావడం గురించి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

ఉదయం అంతా బాగానే జరిగింది. ఫోటోలు తీశారు, పూరీలు తిన్నారు, పొట్లం విప్పారు. ఏడు గంటల నలభై నిమిషాలకు వీధి మొదట్లో బస్సు హారన్ వినిపించగానే బాబు గేటు దగ్గరకు పరుగెత్తాడు. ఎదురింట్లో తన ఈడు పిల్లవాడు కొత్త యూనిఫాం, కొత్త బూట్లు వేసుకుని బస్సెక్కుతున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా బాబు గేటు కడ్డీలు పట్టుకునే నిలబడ్డాడు. లోపలికి వచ్చి, "మరి మన బడి ఎక్కడమ్మా?" అన్నాడు. నిద్రపోయే గదిలోనే, నిన్నటిదాకా క్యారమ్స్ ఆడుకున్న బల్ల మీదే పుస్తకాలు పెట్టి ఇదే బడి అంటే ఆ పిల్లవాడికి అర్థం కాలేదు.

మధ్యాహ్నం మరొకటి జరిగింది. తల్లి సంతోషంగా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఫోటో కింద ఒకరు, బడికి పంపకుండా ఈ ఫోటోలు దేనికని రాశారు. అమ్మ ఫోనులో ఆ మాట పాప చదివింది. ఆ రాత్రి ఆదివారం కాకపోయినా కడుపునొప్పి వచ్చింది.

మూడు వారాల పాటు ఉదయం చదువుకు కూర్చోవడమే ఒక పోరాటంగా నడిచింది. నేను ఇంటికి వెళ్లి రెండు ఉదయాలు అక్కడే కూర్చుని గమనించాను. పాఠాల్లో లోపం కనిపించలేదు, తల్లి చెప్పే తీరు చాలా బాగుంది. పిల్లలకు కుదరనిది ఆ ముందరి ఘడియ. బడికి వెళ్లే పిల్ల స్నానం చేసి, జడ వేయించుకుని, సంచి తగిలించుకుని, గడప దాటి, బస్సెక్కి, గంట విని తరగతిలో కూర్చుంటుంది. ఇన్ని మెట్లు ఎక్కేసరికి మనసు దానంతట అదే ఇంటిని వదిలి చదువులోకి వస్తుంది. రోజుకు ఇన్ని మెట్లు ఉన్నట్టే ఏడాదికీ ఉంటాయి: కొత్త పుస్తకాల వాసన, అట్టలు, కొత్త తరగతి గది, కొత్త టీచరు. ఇంటిబడి పిల్లలకు ఇవేవీ ఉండవు. వారు దాటడానికి గడప లేదు. ఈ కుటుంబానికి నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఇంకొక పరీక్ష కూడా ఆ రోజుల్లోనే నాకు తోచింది. మన ఊళ్లలో పిల్లలు ఎదురైతే పెద్దలు అడిగే మొదటి ప్రశ్న "ఏ స్కూలమ్మా? ఏ క్లాసు?" అని. కిరాణా కొట్టులో, గుడిలో, పెళ్లిలో ఎక్కడైనా ఇదే. ఆ ఏడాది పాప ఈ ప్రశ్న వినగానే తల్లి వెనక్కి వెళ్లిపోయేది. తాను ఐదో తరగతిలోకి వచ్చానన్న నమ్మకం ఆమెకే లేదు, ఎందుకంటే వచ్చిన క్షణం ఒకటి ఆమెకు గుర్తులేదు. ఈ ప్రశ్నకు పిల్లల సమాధానం ఎలా మారుతుందో చూడాలని నిర్ణయించుకున్నాను.

తాతయ్య చెప్పిన తోరణం

2024 వేసవిలో కొత్త ఆరంభం కోసం కూర్చున్నప్పుడు నేను ఒక పొరపాటు చేశాను. ఏడు అంశాల పట్టిక ఒకటి రాసి ఇచ్చాను. అందులో పాటలు, అలంకరణ, బహుమతులు, ప్రతిజ్ఞ అన్నీ ఉన్నాయి. తల్లి దాన్ని చూసి నీరసపడిపోయారు, పాప మర్యాదగా తల ఊపింది. అది నా పట్టికే తప్ప వారి ఇంటిది కాదు. దాన్ని పక్కన పెట్టి, ఇంట్లో పెద్దవాళ్లను వారి చిన్నప్పుడు ఏ పనైనా ఎలా మొదలుపెట్టేవారో చెప్పమని అడిగాను. అక్షరాభ్యాసం, పళ్లెంలో బియ్యం పరిచి ఓనమాలు దిద్దించడం గురించి నాయనమ్మ చెప్పారు. తాతయ్య చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "మా ఇంట్లో ఏడాది మొదలయ్యేది ఏరువాకతోనే" అన్నారు.

జ్యేష్ఠ పౌర్ణమి నాడు వచ్చే ఏరువాక దుక్కి పనులకు శ్రీకారం చుట్టే పండుగ. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, కాడికి, నాగలికి పూజ చేసి, ఎద్దులకు పొంగలి తినిపిస్తారు. తాతయ్యకు వీటన్నిటికంటే బాగా గుర్తున్నది ఊరి మొదట్లో కట్టే గోగునార తోరణం. రైతులు చర్నాకోలలతో దాన్ని కొడతారు, తెగిన నారలో ఎవరి చేతికి ఎంత దొరికితే అంత తీసుకుపోయి ఎద్దుల మెడలో కడతారు. చిన్నపిల్లలు ఆ నార కోసం పెద్దల కాళ్ల మధ్య నుంచి దూరి వెళ్లేవారట. చెబుతున్నంతసేపూ బాబు ఆయన మోకాలు పట్టుకుని కదలకుండా విన్నాడు. "మనం కూడా కొడదాం తాతయ్యా" అన్న మాట వాడి నోటి నుంచే వచ్చింది. ఆ సమావేశంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే, అక్కడితో మాట్లాడడం ఆపడమే.

ఆ ఏడాది ఏరువాక పున్నమి జూన్ 20 దాటాక వచ్చింది. బడులు అప్పటికే తెరిచారు. కుటుంబం తొందరపడలేదు. అందరితోపాటే మొదలుపెట్టాలన్న ఆత్రుత తగ్గడమే మొదటి లాభమని నా అభిప్రాయం. ముందురోజు సాయంత్రం అట్టలు వేసే పని పెట్టుకున్నారు. తండ్రి ఆటోనగర్ నుంచి పెందలాడే వచ్చి పాత క్యాలెండర్ కాగితాలు కత్తిరిస్తే, పాప మడతలు పెట్టింది, బాబు లేబుళ్లు అతికించాడు, నాయనమ్మ ప్రతి పుస్తకానికీ పసుపు బొట్టు పెట్టారు. పండుగనాడు ఉదయం వంటింటికీ చదువుకునే గదికీ మధ్య ఉన్న గడపకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టారు. గోగునార దొరకనందున పురికొసతో తోరణం అల్లి, దానికి మడిచిన చీటీలు కట్టారు. ఇంట్లో ఆరుగురూ తలా నాలుగు చీటీలు రాశారు: రెండింటిలో నేర్చుకోవాలనుకున్నవి, రెండింటిలో ఇంట్లో ఎవరికైనా నేర్పగలిగినవి. తాతయ్య గుడ్డ పేలికతో చిన్న చర్నాకోల చేసి ఇచ్చారు. పిల్లలు వరండా చివర నుంచి పరుగెత్తుకొచ్చి తోరణాన్ని కొట్టి, రాలిన చీటీలు ఏరుకుని, పసుపు గడప దాటి లోపలికి వెళ్లి తమ తమ బల్లల దగ్గర కూర్చోవాలి. ఎవరి చేతికి దొరికిన పురికొస ముక్కను వారు తమ బల్ల కాలికి కట్టుకోవాలి. అంతటితో ఆ ఏడాది మొదలైనట్టు.

చీటీల్లో వచ్చినవి ఆ ఏడాది ప్రణాళికలోకి చేరాయి. తండ్రి డీజిల్ ఇంజను ఎలా పనిచేస్తుందో నేర్పుతానని రాశారు. పాప ఈత నేర్చుకోవాలని రాసింది. నాయనమ్మ చీటీ విప్పినప్పుడు ఇల్లంతా నిశ్శబ్దమైంది. "ఫోనులో తెలుగులో రాయడం నేర్చుకోవాలి" అని వంకర అక్షరాలతో ఉంది. ఆ చీటీ దొరికింది పాపకు. రోజూ సాయంత్రం అరగంట ఆమె నాయనమ్మకు టీచరయింది. ఇంటి చదువు మీద నాయనమ్మకు ఉన్న అభ్యంతరం ఏ వాదనతోనూ తగ్గలేదు. ఆ అరగంటల్లోనే క్రమంగా కరిగిపోయింది. మొదలుపెట్టే వేడుకలో పెద్దలను చూసేవారిగా కూర్చోబెట్టక, వారికీ ఒక విద్యార్థి స్థానం ఇవ్వాలని అప్పటి నుంచి ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను.

ఆ రోజే మరో అలవాటు కూడా మొదలైంది. బస్సులు వెళ్లే ఏడు నలభై సమయానికి పిల్లలు గేటు దగ్గర నిలబడకుండా ఉండేలా, తోరణం కొట్టగానే అందరూ ఆటోలో ప్రకాశం బ్యారేజీకి వెళ్లారు. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో 1957లో ఈ బ్యారేజీ వచ్చిందని, దాని నుంచి వెళ్లే కాలువ నీళ్లతోనే తమ పొలం పండుతుందని తాతయ్య చెబుతుంటే, బాబు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొత్తం డెబ్బై. నలభై దాటాక లెక్క తప్పి ఏడుపు మొహం పెట్టాడు. పాప ఐదేసి చొప్పున లెక్కపెట్టడం చూపింది. ప్రతి ఏరువాకకూ గేట్లు లెక్కపెట్టి తీరాలన్నది ఇప్పుడు వాడి నియమం.

అమెరికా అలవాట్లలో ఒకటి మాత్రం నిలిచింది: ప్రశ్నల కాగితం. దాన్ని "మొదటిరోజు పుస్తకం" అన్న నోటుబుక్కుగా మార్చారు. ప్రశ్నలు పాపే తయారుచేసింది. ఇష్టమైన రంగు తీసేసి, "పోయిన ఏడాది నీకు భయం వేసింది ఏది, ఇప్పుడు వేయనిది ఏది" అని చేర్చింది. ఇలాంటి ప్రశ్న నాకు తట్టేది కాదు. ఎత్తు కొలిచి తలుపు చట్రం మీద మేకుతో గీత గీయడం తండ్రి పని. ఫోటోలు తీసినా, పిల్లలు ఒప్పుకుంటే తప్ప ఎవరికీ పంపకూడదని ఒక నియమం పెట్టుకున్నారు. ఈ ఒక్కటీ నేను అడిగి పెట్టించింది.

ఖర్చు గురించి చాలామంది అడుగుతారు. పురికొస, పసుపు, పాయసానికి పాలు, ఆటో కిరాయి తప్ప మరేమీ కాలేదు.

చదువుకు కూర్చోవడంలో గొడవ ఈసారి మొదటి వారంలోనే సద్దుమణిగింది. దీనికి తోరణమే కారణమని నేను అనను. పిల్లలు ఒక ఏడాది పెద్దవారయ్యారు, తల్లికి అనుభవం వచ్చింది. అయితే ఆదివారం రాత్రి కడుపునొప్పి మళ్లీ రాలేదు.

వరద తర్వాత

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్‌ను ముంచెత్తింది. అదే రోజుల్లో కృష్ణకు వచ్చిన వరద ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ కుటుంబం రెండు రాత్రులు పై అంతస్తువారి ఇంట్లో తలదాచుకుని, పడవలో బయటపడి, తెనాలి దగ్గరి పల్లెకు చేరుకుంది. ఇల్లు శుభ్రం చేసుకుని తిరిగి వచ్చేసరికి నెల దగ్గర పడింది. అట్టలు వేసిన పుస్తకాలన్నీ బురద ముద్దలయ్యాయి. మొదటిరోజు పుస్తకమూ పోయింది. తలుపు చట్రం మీద మేకుతో గీసిన గీతలు మాత్రం మిగిలాయి. నీళ్లు నిలిచిన మరక బాబు ఎత్తు గీత కంటే పైన, పాప గీతకు కాస్త కింద ఉంది. తండ్రి ఆ మరకకు కూడా తేదీ వేసి మేకుతో గీత గీశారు. రంగులు వేయించినప్పుడు ఆ చట్రాన్ని అలాగే వదిలేయమన్నారు.

పిల్లలు చదువుకు కూర్చోలేని స్థితిలో ఉన్నారు. వాన చినుకు పడితే బాబు మేడ మెట్లు ఎక్కేవాడు. తల్లి ఫోను చేసి, ఆగిపోయిన పాఠాలు ఎక్కడి నుంచి అందుకోవాలని అడిగారు. అందుకోవద్దని, మళ్లీ మొదలుపెట్టమని చెప్పాను. ఇంటిబడికి ఉన్న వెసులుబాటు ఇది. బడిలో ఏడాదికి ఒక్కసారే మొదటిరోజు వస్తుంది, ఇంట్లో అవసరమైతే రెండోసారి తెచ్చుకోవచ్చు.

ఆ దసరాల్లో మూలా నక్షత్రం అక్టోబరు 9న వచ్చింది. ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మకు సరస్వతీదేవి అలంకారం చేసే రోజు కావడంతో కొండ మీద విద్యార్థుల రద్దీ విపరీతంగా ఉంటుంది. జనంలోకి పిల్లలను తీసుకెళ్లడానికి నాయనమ్మ జంకి, ఇంట్లోనే పూజ పెట్టారు. అంతకుముందు ఆదివారం తండ్రి పిల్లలను లెనిన్ సెంటర్‌లోని పాత పుస్తకాల దుకాణాలకు తీసుకెళ్లి, తలా రెండు వందల రూపాయలు ఇచ్చి నచ్చినవి ఏరుకోమన్నారు. ఆ పుస్తకాలకే అట్టలు వేశారు. గడపకు మళ్లీ పసుపు రాశారు, తోరణం మళ్లీ అల్లారు. ఈసారి చీటీలు రాయడానికి పెద్దగా ఆలోచించాల్సిన అవసరం రాలేదు. బాబు రాసింది ఒకే ఒక్క చీటీ: "బుడమేరు ఎక్కడ పుడుతుంది". ఆ తర్వాతి రెండు నెలల భూగోళం పాఠాలు ఆ ప్రశ్న చుట్టూనే నడిచాయి. భయపడ్డ నీటి గురించి పటాలు గీస్తూ చదవడం వాడికి ఎంత మేలు చేసిందో నేను కళ్లారా చూశాను. నవంబరు వానలకు వాడు మేడ మెట్లు ఎక్కలేదు.

పూజ అయ్యాక తాతయ్య తన వీధిబడి రోజులు చెప్పారు. దసరాకు అయ్యవారు పిల్లలకు కొత్త బట్టలు కట్టించి, చేతికి రంగు కాగితాలు అంటించిన విల్లంబులు ఇచ్చి, ఇంటింటికీ తిప్పి పద్యాలు పాడించేవారు. గృహస్థులు అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. నాయనమ్మ అప్పటికప్పుడు వేయించిన సెనగపప్పు, బెల్లం ముక్కలు కలిపి పొట్లాలు కట్టారు. మొదటి ఏడాది తల్లి చేసిన రంగుల పొట్లం కంటే ఇవి చాలా చిన్నవి. కానీ ఈ పొట్లం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో అందరికీ తెలుసు. వీధిలో వరదకు పుస్తకాలు పోగొట్టుకున్న మరో ముగ్గురు పిల్లలకూ పాప పొట్లాలు తీసుకెళ్లి ఇచ్చింది. వారిలో 2023 జూన్‌లో బస్సెక్కిన ఎదురింటి బాబు కూడా ఉన్నాడు.

పోయిన మొదటిరోజు పుస్తకాన్ని ఆ రాత్రి అందరూ కూర్చుని జ్ఞాపకం మీద తిరిగి రాశారు. ఎవరు ఏం చెప్పారన్న దానిపై వాదులాడుకున్నారని, వరద తర్వాత ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది ఆ రాత్రేనని తల్లి నాకు చెప్పారు.

2025: పాప చేతికి వచ్చిన ఏరువాక

ఆ ఏడాది ఏరువాక పున్నమి జూన్ 11న, బడులు తెరవడానికి సరిగ్గా ముందురోజు వచ్చింది. ఇబ్బంది మరో వైపు నుంచి ఎదురైంది. పదకొండేళ్లు నిండిన పాప, చర్నాకోలతో పరుగెత్తడం చిన్నపిల్లల ఆట అని, తాను చేయనని చెప్పేసింది. తల్లి బాధపడి, వేడుకనే మానేద్దామా అని నన్ను అడిగారు. ఈ వయసు పిల్లలను వేడుకకు కూర్చోబెట్టడం కష్టం, వేడుకను వారి చేతికి అప్పగించడం తేలిక. ఏర్పాట్లన్నీ పాపకే వదిలేయమన్నాను.

పాప చేసిన మార్పులు నేను ఊహించనివి. తోరణాన్ని ఇంటి లోపలి నుంచి తీసి వీధి గేటుకు కట్టింది. మర్నాడు బడికి వెళ్లబోయే వీధి పిల్లలందరినీ సాయంత్రానికి పిలిచింది. కొత్త తరగతిలో తాము నేర్చుకోవాలనుకున్నది ఒక చీటీలో, భయపడుతున్నది మరో చీటీలో వారిచేత రాయించింది. నేర్చుకునే చీటీలు తోరణానికి కట్టి, భయం చీటీలను మట్టికుండలో వేసి, ఎవరూ విప్పి చదవకుండా పెరట్లో పాతిపెట్టించింది. బాబు, వాడి స్నేహితులు తోరణం కొట్టారు. పాప చీటీలు పంచింది. నాయనమ్మ పెద్ద గిన్నెడు పాయసం కాచారు. ఇంటిబడి పిల్లలకు తోడు ఉండదన్న భయంతో మొదటి ఏడాది నేను రాసిన సలహాలు రెండు పేజీలకు పైనే ఉన్నాయి. వాటిలో ఏదీ ఈ సాయంత్రమంత పని చేయలేదు.

మర్నాడు ఉదయం బ్యారేజీ దగ్గర బాబు డెబ్బై గేట్లూ తప్పు లేకుండా లెక్కపెట్టాడు. వరదలో పడవలు కొట్టుకొచ్చి గుద్దడంతో దెబ్బతిన్న బరువు దిమ్మెల స్థానంలో కొత్తవి అమర్చిన గేట్లు ఏవో తండ్రిని అడిగి మరీ చూశాడు.

నేను గమనిస్తూ వచ్చిన ప్రశ్న సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ ఆగస్టులో నా దగ్గరకు వచ్చినప్పుడు వెయిటింగ్ గదిలో ఒక పెద్దావిడ పాపను "ఏ స్కూలమ్మా, ఏ క్లాసు?" అని అడగడం తలుపు ఇవతల నుంచి విన్నాను. పాప తడుముకోలేదు. "ఇంట్లోనే చదువుకుంటామండీ. ఏరువాక నుంచి ఏడో తరగతి. మా నాయనమ్మ కూడా చదువుతోంది" అంది. ఆవిడ ఇంకేదో అడిగితే తోరణం గురించి చెప్పడం మొదలుపెట్టింది.

ఇతర కుటుంబాల విషయంలో

ఈ కేసు తర్వాత గుంటూరులో ఒక కుటుంబానికి ఇదే పద్ధతి చెప్పబోయి, మధ్యలో ఆగిపోయాను. వారికి పొలంతో సంబంధం లేదు, ఏరువాక వారికి పంచాంగంలో ఒక పదం మాత్రమే. అరండల్‌పేటలో వారి తాతగారు నడిపిన చిన్న ప్రెస్సు ఉండేది. అచ్చు అక్షరాల పెట్టె ఇంకా ఇంట్లో ఉంది. వారి పిల్లలు ఇప్పుడు ఏటా మొదటిరోజు ఆ సీసపు అక్షరాల్లో ఒకటి ఎంచుకుని, సిరా అద్ది, తమ నోటుబుక్కుల మొదటి పేజీ మీద ముద్ర వేసుకుని, చేతులు శుభ్రంగా కడుక్కుని చదువుకు కూర్చుంటారు. సీసం కనుక పెద్దలు దగ్గర ఉండి చేయించాలని గట్టిగా చెప్పాను. బయటి నుంచి తెచ్చిన అలవాటు కూడా ఇంట్లో ఒకరి జ్ఞాపకానికి ముడిపడితే నిలుస్తుంది, ప్రశ్నల కాగితం అలాగే నిలిచింది. ఆ ముడి లేనప్పుడు మన ఊరి పండుగైనా అలంకారంగానే మిగిలిపోవడం రెండు మూడు ఇళ్లలో చూశాను. అందువల్ల మొదటి సమావేశంలో ఇప్పుడు నేను పట్టికలు ఇవ్వడం లేదు. ఇంట్లో అందరికంటే పెద్దవారిని పిలిపించి, వారు చెప్పేది పిల్లల ఎదుటే వింటున్నాను.

సింగ్ నగర్ ఇంట్లో 2026 ఉగాదినాడు తాతయ్య పంచాంగం చదువుతూ, ఈ ఏడాది అధిక జ్యేష్ఠ మాసం వచ్చిందని, ఏరువాక నిజ జ్యేష్ఠంలో, అంటే జూన్ 29న వస్తుందని చెప్పారు. బడులు తెరిచిన రెండు వారాలు దాటాక అన్నమాట. అంతకాలం ఆగితే ఎనిమిదో తరగతి లెక్కలు వెనకబడతాయని, పాఠాలు జూన్ 12నే మొదలుపెట్టి తోరణం మాత్రం 29న కడదామని పాప అంది. తోరణం కొట్టకుండా తాను నాలుగో తరగతి పుస్తకం ముట్టుకోనని బాబు అన్నాడు. నన్ను తీర్పు చెప్పమని ఇద్దరూ విడివిడిగా అడిగారు. నేను చెప్పలేదు. మే నెలలో వారు మళ్లీ వచ్చేసరికి వారిలో వారే ఒక నిర్ణయానికి రావాలన్నాను. తాతయ్య మాత్రం ఈసారి తెనాలి నుంచి గోగునారే తెప్పిస్తానని మాట ఇచ్చారు.